క్లారిఫయర్‌లో నీరు తేరుకోవాలంటే: మంచినీటి ప్లాంటు ఆపరేటర్లకు సమగ్ర మార్గదర్శి

వానలు మొదలైతే చాలు, విశాఖ చుట్టుపక్కల ప్లాంట్లలో షిఫ్టు చేసేవాళ్ల నుంచి ఒకే ప్రశ్న తిరిగి తిరిగి వస్తుంది. "ఆలం పెంచుతూనే ఉన్నామండీ, అయినా ఫ్లాక్ లాండర్‌లోకి వచ్చేస్తోంది. ఇంకెంత వేయాలి?"

క్లారిఫయర్ అంటే మట్టి అడుగుకి దిగి నీరు తేరే ట్యాంకు. ఆలం అంటే పటిక. ఆలం వేశాక మట్టి రేణువులు అతుక్కుని కట్టే ముద్దలు ఫ్లాక్. తేరిన నీరు పడే కాలువ లాండర్. చాలాసార్లు జవాబు ఆలంలో ఉండదు. మిక్సర్ ఆగిపోయి ఉండొచ్చు. అడుగున స్లడ్జ్, అంటే దిగిన బురద, నిండిపోయి ఉండొచ్చు. వీర్, అంటే నీరు పొర్లే అంచు, ఒక పక్కకి ఒరిగి ఉండొచ్చు. నీటిలో ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే గుణం, అయిపోయి ఉండొచ్చు. క్లారిఫయర్ మీద కంటికి కనిపించే తప్పు ఎక్కువగా దానికి ముందో, దాని అడుగునో పుట్టి ఉంటుంది. అందుకని ఇక్కడ నీరు నడిచే వరసలోనే మనమూ నడుద్దాం: రా వాటర్ (శుద్ధి చేయని నీరు), జార్ టెస్ట్ (బీకర్లలో డోసు పరీక్ష), డోసింగ్, మిక్సింగ్, తేరడం, స్లడ్జ్.

మధ్యలో ఫ్లాక్యులేటర్ (మెల్లగా కలిపి ఫ్లాక్ కట్టించే గది), చుట్టూ క్లారిఫయర్ ఉండే గుండ్రటి క్లారిఫ్లాక్యులేటర్‌ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మీది పొడవాటి ట్యాంకైనా, ట్యూబ్ సెట్లరైనా మందు వేసే పని మారదు. ట్యాంకు లెక్కలు మాత్రం వేరుగా వేసుకోవాలి.

1. రేణువు దిగే వేగం, నీరు ఎక్కే వేగం

ఈ ఒక్క లెక్క పట్టుబడితే మిగతా పనంతా ఎందుకు చేస్తున్నామో తెలుస్తుంది.

ఒక మైక్రాన్ సైజున్న బంకమట్టి రేణువు కదలని నీటిలో గంటకి సుమారు 3 మిల్లీమీటర్లు దిగుతుంది. మూడు మీటర్ల లోతు దిగడానికి నెల దాటుతుంది. రేణువు సైజు పదింతలు పెరిగితే దిగే వేగం వందింతలు పెరుగుతుంది. పది మైక్రాన్ల రేణువు అదే లోతుని తొమ్మిది, పది గంటల్లో దిగేస్తుంది. అంటే మన పని రేణువుల్ని దించడం కంటే ముందు వాటిని ఒకదానికొకటి అతుక్కునేలా చేసి పెద్దవి చేయడం.

అవి వాటంతటవి అతుక్కోవు. మట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది, ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆలం ఆ ఆవేశాన్ని తగ్గిస్తుంది. పైగా నీటిలో అల్యూమినియం హైడ్రాక్సైడ్ అనే జిగురు పొరగా విడిపోయి, దిగేటప్పుడు సన్న రేణువుల్ని తనలో చుట్టేసుకుని దిగుతుంది. బురదనీళ్ల బిందెలో పటిక తిప్పి పక్కన పెడితే జరిగేది ఇదే.

ఇక రెండో వైపు. క్లారిఫయర్‌లో నీరు కింద నుంచి పైకి ఎక్కి వీర్ మీదుగా లాండర్‌లో పడుతుంది. నీరు పైకి ఎక్కే వేగం కంటే ఫ్లాక్ కిందకి దిగే వేగం ఎక్కువుంటే ఫ్లాక్ అడుగుకి చేరుతుంది. తక్కువుంటే నీటితో పాటు ఫిల్టర్‌కి పోతుంది. అంతే.

2. మీ ట్యాంకు లెక్కలు గోడ మీద రాసి పెట్టుకోండి

ఉదాహరణకి బయటి వ్యాసం 20 మీటర్లు, మధ్యలో ఫ్లాక్యులేటర్ వ్యాసం 10 మీటర్లు, 8 ఎంఎల్‌డీ (రోజుకి 80 లక్షల లీటర్లు) నీరు అనుకుందాం.

- తేరే జాగా: పెద్ద వృత్తం వైశాల్యంలోంచి చిన్న వృత్తాన్ని తీసేస్తే సుమారు 235 చదరపు మీటర్లు.
- ఓవర్‌ఫ్లో రేటు: 8000 ఘనపు మీటర్లని 235తో భాగిస్తే రోజుకి 34 మీటర్లు, అంటే గంటకి 1.4 మీటర్లు. నీరు పైకి ఎక్కే వేగం ఇదే.
- నీరు ఆగే సమయం: లోతు 3 మీటర్లయితే సుమారు 705 ఘనపు మీటర్లు పడుతుంది. గంటకి వచ్చేది 333 ఘనపు మీటర్లు. కాబట్టి 2 గంటల పైచిలుకు.
- వీర్ మీద భారం: చుట్టుకొలత 63 మీటర్లు. ఒక్కో మీటరు మీదుగా రోజుకి 127 ఘనపు మీటర్లు పోతుంది.

మన దేశంలో ఈ తరహా ట్యాంకుల్ని మామూలుగా రోజుకి 30 నుంచి 40 మీటర్ల ఓవర్‌ఫ్లో రేటుకి, రెండు రెండున్నర గంటల సమయానికి డిజైన్ చేస్తారు. మీ అంకె 40 దాటి ఉంటే మందు ఎంత మార్చినా పూర్తిగా ఫలితం రాదు. రెండు ట్యాంకుల్లో ఒకటి రిపేరుకి ఆపి, మొత్తం నీటిని రెండోదాని మీదకి మళ్లించిన రోజు జరిగేది ఇదే. వేగం రెట్టింపవుతుంది, ఫ్లాక్ ఎంత బాగున్నా ఎక్కేస్తుంది. ఆ రోజు చేయాల్సిన పని ఇన్‌ఫ్లో తగ్గించడం.

3. రా వాటర్‌ని తెలుసుకోండి

విశాఖకి నీళ్లు ఒక్కచోటు నుంచి రావు. ఏలేరు నీరు నూరు కిలోమీటర్లకు పైగా కాలువలో నడిచి వస్తుంది. గోస్తని మీద తాటిపూడి, శారద మీద రైవాడ, ఇటు మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ, దేని స్వభావం దానిదే. రిజర్వాయర్ నీటిలో మట్టి చాలావరకు అక్కడే దిగిపోయి ఉంటుంది. తెరిచి ఉన్న కాలువలో మాత్రం దారిలో వాన పడితే గట్ల మీది ఎర్రమట్టి గంటల్లో నీటిలో కలుస్తుంది. రెండు వనరుల నీరు కలిసి వచ్చే ప్లాంటైతే, కలిసే పాళ్లు మారినప్పుడల్లా అది కొత్త నీరే. పాత డోసు దానికి పనికిరాదు.

ప్రతి షిఫ్టులో నాలుగు చూడండి: టర్బిడిటీ (నీటి మసక), పీహెచ్, ఆల్కలినిటీ, ఉష్ణోగ్రత. వానల్లో టర్బిడిటీని గంటకోసారి చూడాలి.

ఈ నాలుగింటిలో ఆల్కలినిటీని చాలామంది వదిలేస్తారు. పెద్ద వానకి టర్బిడిటీ పెరగడం అందరికీ కనిపిస్తుంది. వాన నీరు కలిసి ఆల్కలినిటీ పడిపోవడం కనిపించదు. ఆలం ఎక్కువ కావాల్సిన రోజే, ఆలం పనిచేయడానికి కావాల్సిన ఆల్కలినిటీ తక్కువుంటుంది. వానాకాలం కష్టాల్లో పెద్ద వాటా దీనిదే అని నా అభిప్రాయం.

వేసవిలో సమస్య తిరగబడుతుంది. రిజర్వాయర్ నీరు 5 ఎన్‌టీయూ (టర్బిడిటీ కొలత) ఉండి, చూడ్డానికి తేటగానే ఉంటుంది గానీ ఆలం వేస్తే ఫ్లాక్ కట్టదు. రేణువులు తక్కువ కాబట్టి ఒకదాన్నొకటి తగలవు. కట్టిన ఫ్లాక్ కూడా దూదిలా తేలికగా ఉంటుంది. నాచు ఉన్న నీరైతే మధ్యాహ్నం ఎండకి పీహెచ్ పెరుగుతుంది, పొద్దున పనిచేసిన డోసు మూడు గంటలకి పనిచేయదు. అలాంటి రోజుల్లో జార్ టెస్ట్ పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చేయాలి.

4. జార్ టెస్ట్: తొందర పడకుండా చేయాల్సిన పని

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి:

- ఆరు ఒక లీటరు బీకర్లు, ప్యాడిల్ మిషన్
- ప్లాంటులో వాడుతున్న అదే ఆలం, 10 గ్రాములు
- డిస్టిల్డ్ వాటర్ ఒక లీటరు
- ఆరు చిన్న సిరంజీలు
- టర్బిడిటీ మీటర్, పీహెచ్ మీటర్ (ఆ రోజు కాలిబ్రేట్ చేసినవి)
- ఆలం కలవకముందు తీసిన రా వాటర్, ఒక బకెట్

10 గ్రాముల ఆలంని లీటరు నీటిలో కరిగిస్తే, ఆ ద్రావణం ఒక మిల్లీలీటరు లీటరు నీటికి 10 మిల్లీగ్రాముల డోసు అవుతుంది. ఏ రోజుకి ఆ రోజు కలుపుకోండి. పల్చటి ఆలం ద్రావణం నిలవుంటే దాని గుణం పోతుంది.

ఇక వరస:

1. బకెట్లోని నీటిని బాగా కలిపి ఆరు బీకర్లలో లీటరు చొప్పున పోయండి. బకెట్ కలపకుండా పోస్తే చివరి బీకర్లకి మట్టి ఎక్కువ పోతుంది, పరీక్ష అంతా దండగ.
2. ఆరు సిరంజీల్లో 10, 20, 30, 40, 50, 60 మిల్లీగ్రాములకి సరిపడా ద్రావణం ముందే తీసి పెట్టుకోండి.
3. ప్యాడిల్ 100 ఆర్‌పీఎంకి పెట్టి ఆరింటిలో ఒకేసారి వేయండి. ఒక నిమిషం తిప్పండి.
4. 30 ఆర్‌పీఎంకి తగ్గించి 15 నుంచి 20 నిమిషాలు తిప్పండి. ఏ బీకర్లో ఫ్లాక్ ముందు కనిపించిందో, ఏ నిమిషానికో రాసుకోండి.
5. ప్యాడిల్ ఆపి, మెల్లగా పైకి తీసి, 20 నుంచి 30 నిమిషాలు కదపకుండా వదిలేయండి.
6. పై నుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోపల సిరంజితో నీరు తీసి టర్బిడిటీ, పీహెచ్ చూడండి. అడుగు కదలకూడదు.

తిరుగుతున్నప్పుడే బీకర్ల ముందు కూర్చుని చూడండి. తక్కువ డోసు బీకర్లో నీరు పాలిపోయిన పొగలా ఉండిపోతుంది. సరైన డోసు దగ్గర ఐదారు నిమిషాలకే చుక్కలు పడతాయి. పదో నిమిషానికి గుండుసూది తలకాయంత ముద్దలవుతాయి. ఆ ముద్దల మధ్య నీరు గాజులా కనిపిస్తుంది. డోసు దాటిన బీకర్లో ముద్దలు పెద్దవిగా, మెత్తగా ఉబ్బి ఉంటాయి కానీ దిగడానికి బద్ధకిస్తాయి, మధ్యలో నీరు మళ్లీ మసకేస్తుంది. మీటర్ అంకె ఒక్కటే చూసేవాళ్లకి ఈ తేడా దొరకదు.

ఫలితం 20 దగ్గర 9, 30 దగ్గర 4, 40 దగ్గర 2.5, 50 దగ్గర 2.4, 60 దగ్గర 3.5 ఎన్‌టీయూ అని వచ్చిందనుకోండి. 50 తీసుకోవద్దు, 40 తీసుకోండి. ఆ అదనపు పది మిల్లీగ్రాములతో దక్కేది ఏమీ లేదు. పైగా స్లడ్జ్ పెరుగుతుంది, ఆల్కలినిటీ తగ్గుతుంది, నీటిలో అల్యూమినియం మిగిలే ప్రమాదం ఉంటుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అల్యూమినియం లీటరుకి 0.03 మిల్లీగ్రాముల లోపుండాలి. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 0.2 దాకా ఒప్పుకుంటారు.

ఆల్కలినిటీ సరిచూడడం కూడా ఇక్కడే. ఒక మిల్లీగ్రాము ఆలం సుమారు అర మిల్లీగ్రాము ఆల్కలినిటీని తినేస్తుంది. డోసు 40 అయితే 20 పోతుంది. రా వాటర్‌లో 35 ఉంటే మిగిలేది 15. అది చాలదు. కనీసం 20, 30 మిగిలేట్టు చూసుకోవాలి. తగ్గితే సున్నం వేయాలి. సున్నం వేయాల్సి వస్తే జార్ టెస్ట్ కూడా సున్నంతోనే మళ్లీ చేయండి. ఆలం పీహెచ్ 6 నుంచి 7.5 మధ్య బాగా పనిచేస్తుంది. సున్నం ఎక్కువై పీహెచ్ 8 దాటితే ఫ్లాక్ విడిపోతుంది.

పాలీ అల్యూమినియం క్లోరైడ్, అంటే పీఏసీ వాడే ప్లాంట్లలో ఆల్కలినిటీ ఇంత ఖర్చవదు. అయినా దానికీ జార్ టెస్ట్ తప్పదు. ఆలం డోసు అంకెను పీఏసీకి అలాగే వాడకూడదు.

5. కాగితం మీది డోసు నీటిలోకి చేరుతోందా

8 ఎంఎల్‌డీ నీటికి 40 మిల్లీగ్రాములంటే రోజుకి 320 కిలోల ఆలం. పది శాతం ద్రావణంలో లీటరుకి 100 గ్రాములుంటుంది, కాబట్టి రోజుకి 3200 లీటర్లు, గంటకి 133 లీటర్లు, నిమిషానికి 2.2 లీటర్లు.

ఇప్పుడు కొలజాడీ, ఫోను తీసుకుని డోసింగ్ పాయింట్ దగ్గరకి వెళ్లండి. ఒక నిమిషం పట్టండి. 2.2 లీటర్లు వచ్చిందా? పంపు మీది డయల్ ఎంత చూపిస్తోందన్నది ముఖ్యం కాదు. లైన్లో మడ్డి పేరుకుని సగమే వస్తున్న ప్లాంట్లు నేను చాలా చూశాను. ప్రతి షిఫ్టు మొదట్లో ఈ ఒక్క నిమిషం కేటాయించండి.

ఇంకో తప్పు ద్రావణం కలిపే చోట జరుగుతుంది. ఆలం గడ్డల్ని ట్యాంకులో పడేసి పైన పైపు వదిలేస్తారు. షిఫ్టు మొదట్లో ద్రావణం చిక్కగా, చివరికి పల్చగా పోతుంది. వెయ్యి లీటర్ల ట్యాంకుకి వంద కిలోలు తూకం వేసి, పూర్తిగా కరిగేదాకా కలిపి, అప్పుడు లైన్లోకి వదలండి. ఒక ట్యాంకు నడుస్తుంటే రెండోది సిద్ధంగా ఉండాలి. హైడ్రోమీటర్‌తో ఒకసారి సాంద్రత చూస్తే అనుమానం ఉండదు.

ఇన్‌ఫ్లో మారినప్పుడు డోసు కూడా మార్చాలి. రెండో పంపు ఆన్ చేసి డోసింగ్ మర్చిపోతే నీటికి సగం మందే అందుతుంది.

6. కలపడం: ముందు గట్టిగా, తర్వాత మెల్లగా

ఆలం నీటిలో పడ్డ కొద్ది సెకన్లలోనే దాని పని మొదలవుతుంది. అందుకే ఫ్లాష్ మిక్సర్‌లో 30 నుంచి 60 సెకన్లు గట్టిగా తిప్పాలి. మందు మిక్సర్ బ్లేడుకి దగ్గర, నీరు సుడి తిరిగే చోట పడాలి. గోడ వారగా కారితే నీటిలో ఒక పాయకి మందు ఎక్కువ, ఇంకో పాయకి అసలు లేనట్టు అవుతుంది.

ఫ్లాక్యులేటర్‌లో 20 నుంచి 30 నిమిషాలు మెల్లగా. ఇక్కడ వేగం పెంచితే కట్టిన ఫ్లాక్ విరిగిపోతుంది. ఒకసారి విరిగిన ఆలం ఫ్లాక్ మళ్లీ అంత గట్టిగా కట్టదు. అలాగని ప్యాడిల్ ఆపేస్తే ఫ్లాక్ అక్కడే దిగిపోయి కుళ్లుతుంది.

ఈ మార్గదర్శిలో ఒకే ఒక్కటి గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి: బీకర్ పరీక్ష. ఫ్లాక్యులేటర్ నుంచి నీరు క్లారిఫయర్‌లోకి వెళ్లే చోట మెల్లగా ఒక లీటరు బీకరు నింపండి. నీడలో గోడ మీద పెట్టి 20 నిమిషాలు ఆగండి.

- బీకర్లో నీరు తేరి, క్లారిఫయర్‌లో తేరకపోతే మందు బాగానే ఉంది. తప్పు ఫ్లో లోనో, వీర్ లోనో, స్లడ్జ్ లోనో ఉంది. ఆలం ముట్టుకోవద్దు.
- బీకర్లో కూడా తేరకపోతే తప్పు ముందే ఉంది: డోసు, ఆల్కలినిటీ, మిక్సింగ్. జార్ టెస్ట్‌కి వెళ్లండి.
- జార్‌లో తేరిన అదే డోసు ఈ బీకర్లో తేరకపోతే మందు చేరడం లేదు, లేదా మిక్సర్ పనిచేయడం లేదు. 5వ అంచెకి వెనక్కి వెళ్లండి.

డోసు మార్చాక ఫలితం ఇక్కడ అరగంట, ముప్పావు గంటకి తెలుస్తుంది. లాండర్‌లో తెలియడానికి రెండున్నర గంటలు పడుతుంది. చాలా చోట్ల గంట కూడా ఆగకుండా టెన్షన్‌తో డోసు మళ్లీ మారుస్తారు, అది తేలకముందే ఇంకోసారి మారుస్తారు. చివరికి ఏ మార్పు ఏం చేసిందో ఎవరికీ తెలియదు. ఒకసారి ఒక్కటే మార్చండి, బీకర్‌తో చూడండి, తర్వాతే రెండోది.

7. క్లారిఫయర్ చుట్టూ ఒక రౌండ్

రెండు గంటలకోసారి ట్యాంకు చుట్టూ పూర్తిగా తిరగండి. బ్రిడ్జ్ మీద నిలబడి చూస్తే ఒక పక్కే కనిపిస్తుంది.

- వీర్ నాచ్‌లన్నింటిలోంచి (అంచులోని గాట్లు) నీరు ఒకే ఎత్తున పోతోందా? ఒక పక్క ధారగా, ఇంకో పక్క పొడిగా ఉంటే వీర్ ఒరిగింది. నీరు ఎక్కువ పోయే పక్కనే ఫ్లాక్ ఎక్కుతుంది.
- నాచ్‌లలో నాచు, ఆకులు ఇరుక్కున్నాయా? బ్రష్‌తో తీయండి.
- తెల్లటి ప్లేటుకి తాడు కట్టి నీటిలోకి దించండి. ఎంత లోతు దాకా కనిపిస్తోంది? రోజూ రాసుకుంటే పాడవబోయే ముందే తెలుస్తుంది.
- స్క్రేపర్ (అడుగున స్లడ్జ్‌ని మధ్యకి ఊడ్చే చేయి) ఆగకుండా, కుదుపు లేకుండా తిరుగుతోందా? గేర్‌బాక్స్ శబ్దం మారిందా?
- నీటి మీదకి బుడగలు, నల్లటి ముద్దలు తేలుతున్నాయా?
- లాండర్ టర్బిడిటీ ఎంత? 5 ఎన్‌టీయూ లోపు ఉండాలి, 2 దగ్గరుంటే ఫిల్టర్ హాయిగా నడుస్తుంది.

ఫిల్టర్ తర్వాత నీరు 1 ఎన్‌టీయూ లోపు రావాలి. క్లారిఫయర్ వదిలేసిన మట్టిని ఫిల్టర్ పట్టుకుంటుందిలే అనుకుంటే, రోజంతా నడవాల్సిన ఫిల్టర్‌ని పూటకోసారి బ్యాక్‌వాష్ (నీటిని వెనక్కి పంపి కడగడం) చేయాల్సి వస్తుంది. శుద్ధి చేసిన నీరే మళ్లీ కాలువ పాలవుతుంది. మిగిలిపోయిన మట్టి క్లోరిన్ నుంచి సూక్ష్మజీవుల్ని కాపాడుతుంది కూడా. కుళాయి దగ్గర తాగే పిల్లలకి ఆ తేడా తగులుతుంది కాబట్టే లాండర్ అంకె మీద ఇంత పట్టు పడుతున్నాను.

ఎండ వేళల్లో ఇంకో సంగతి గమనించండి. వేడెక్కిన నీరు లోపలికి వచ్చి, ట్యాంకులోని చల్లటి నీటి మీద పైపైనే జారి నేరుగా వీర్‌కి చేరుతుంది. పొద్దున బాగుండి మధ్యాహ్నం ఒక పక్క ఫ్లాక్ ఎక్కి, సాయంత్రానికి సర్దుకుంటే అనుమానించాల్సింది దీన్ని. సముద్రపు గాలి బలంగా వీచినప్పుడు కూడా నీరు ఒక పక్కకి తోసుకుపోతుంది. రెండింటికీ ఆ గంటల్లో ఇన్‌ఫ్లో కాస్త తగ్గించి, రాత్రి పెంచుకోవడమే సులువైన మార్గం.

8. స్లడ్జ్: అందరూ వాయిదా వేసే పని

ముందు ఎంత మట్టి దిగుతోందో అంచనా వేయండి. 8 ఎంఎల్‌డీ నీరు, టర్బిడిటీ 60, ఆలం 30 మిల్లీగ్రాములు అనుకుందాం. ఒక ఎన్‌టీయూకి లీటరుకి సుమారు ఒకటిన్నర మిల్లీగ్రాముల మట్టి అనుకుంటే 90. ఆలం నుంచి దాని బరువులో నాలుగో వంతు పైచిలుకు హైడ్రాక్సైడ్‌గా దిగుతుంది, అది 8. మొత్తం లీటరుకి 98 మిల్లీగ్రాములు. 8 ఎంఎల్‌డీకి రోజుకి దాదాపు 780 కిలోల పొడి మట్టి. స్లడ్జ్‌లో మట్టి ఒక శాతమే ఉంటుంది, మిగతాదంతా నీరే. అంటే రోజుకి 78 ఘనపు మీటర్ల స్లడ్జ్ బయటికి పోవాలి.

ఇప్పుడు మీ బ్లీడ్ (స్లడ్జ్ బయటికి వదలడం) లాగ్‌బుక్ తీయండి. పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు అని ఉంటే, ఆ వాల్వ్ నుంచి నిమిషానికి ఎంత వస్తుందో లెక్క కట్టండి. సగం మట్టి ట్యాంకులోనే ఉండిపోతోందని తేలినా ఆశ్చర్యం లేదు.

వదిలే పద్ధతి:

1. ఒకేసారి చాలాసేపు వదలొద్దు. కాసేపు వదిలితే చిక్కటి స్లడ్జ్‌కి మధ్యలో గుంట పడి, దాని గుండా పైనున్న మంచి నీరే పోతుంది.
2. వానల్లో గంటకో, రెండు గంటలకో ఒకసారి రెండు మూడు నిమిషాలు వదలండి.
3. బయటికి పడే చోట నిలబడి చూడండి. మొదట చిక్కగా, కాఫీ రంగులో ముద్దలా వస్తుంది. పల్చబడి కింద కాంక్రీటు కనిపించగానే వాల్వ్ మూయండి.
4. వాల్వ్ తెరిచిన వెంటనే పల్చటి నీరు వస్తే తృప్తి పడొద్దు. పైపు మొదట్లో స్లడ్జ్ గట్టిపడి, పక్క నుంచి నీరు జారుతుండొచ్చు. వాల్వ్‌ని రెండు మూడుసార్లు మూసి తెరవండి, అవసరమైతే నీటి ఒత్తిడితో వెనక్కి తన్నించండి.
5. ఎన్ని నిమిషాలు, ఏ రంగు అన్నది ప్రతిసారీ రాయండి.

స్లడ్జ్ పక్కనున్న గెడ్డలోకి వదిలేయకూడదు. డ్రైయింగ్ బెడ్లలోకి, లేదా స్లడ్జ్ చెరువులోకి పోవాలి. గెడ్డలో పూడిక పెరిగితే దిగువన ఉన్న ఇళ్లలోకే వాన నీరు వస్తుంది.

9. గుర్తు, కారణం, చేయాల్సిన పని

సన్నటి చుక్కల్లాంటి ఫ్లాక్ అంతటా సమానంగా ఎక్కుతోంది. డోసు తక్కువ, లేదా ఫ్లాక్యులేటర్‌లో సమయం తక్కువ. వేసవి నీరైతే రేణువులు తక్కువ. జార్ టెస్ట్ చేయండి. పీఏసీ గానీ, తాగునీటికి అనుమతి ఉన్న పాలీఎలక్ట్రోలైట్ (ఫ్లాక్‌ని పెద్దది, గట్టిది చేసే మందు) గానీ జార్‌లో ప్రయత్నించండి. పాలీ డోసు లీటరుకి మిల్లీగ్రాములో పదో వంతు ప్రాంతంలో మొదలుపెట్టండి. ఎక్కువైతే ఫిల్టర్ ఇసుక జిగురు పట్టి ముద్దకడుతుంది.

పెద్ద మెత్తటి ఫ్లాక్ మేఘంలా పైకి లేస్తోంది. స్లడ్జ్ మట్టం పెరిగింది, లేదా ఫ్లో ఒక్కసారిగా పెరిగింది. ముందు బ్లీడ్, తర్వాత ఫ్లో తగ్గించడం. ఇక్కడ ఆలం పెంచితే పరిస్థితి ఇంకా పాడవుతుంది.

ఒక పక్కనే ఎక్కుతోంది. వీర్ ఒరగడం, గాలి, ఎండ.

నల్లటి ముద్దలు బుడగలతో తేలుతున్నాయి, వాసన వస్తోంది. అడుగున స్లడ్జ్ కుళ్లింది. బ్లీడ్ సార్లు పెంచండి, స్క్రేపర్ బ్లేడు నేలకి అందుతోందో చూడండి. తగ్గకపోతే ట్యాంకు ఖాళీ చేసి కడగక తప్పదు.

ఆలం పెంచినకొద్దీ నీరు మసకగా మారుతోంది. డోసు దాటింది, లేదా ఆల్కలినిటీ అయిపోయింది. పీహెచ్ చూడండి. 6 కంటే కిందకి పడితే సున్నం. పడకపోతే డోసు తగ్గిస్తూ జార్ టెస్ట్.

స్క్రేపర్ ట్రిప్ అవుతోంది. మళ్లీ మళ్లీ స్టార్ట్ బటన్ నొక్కొద్దు, స్క్రేపర్ చేయి విరుగుతుంది. ఇన్‌ఫ్లో ఆపి, స్లడ్జ్ వదిలి, భారం తగ్గాక చూడండి. అడుగున ఇనప వస్తువేదైనా పడిందేమో కూడా.

10. వాయుగుండం రోజులు, కరెంటు పోయిన తర్వాత

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు, నీళ్లు రెండూ రోజుల తరబడి ఆగిపోయాయి. అక్టోబర్, నవంబర్ నెలల్లో హెచ్చరిక రాగానే ఇవి సిద్ధం చేసుకోండి:

- కనీసం వారానికి సరిపడా ఆలం, సున్నం, తడవని చోట
- జనరేటర్‌కి డీజిల్, ఒకసారి లోడు మీద నడిపి చూడడం
- స్లడ్జ్ పూర్తిగా వదిలి, ట్యాంకు అడుగు ఖాళీగా ఉంచడం
- అంతకుముందు వానల్లో ఏ టర్బిడిటీకి ఏ డోసు పనిచేసిందో రాసిన పట్టిక

జనరేటర్ సామర్థ్యం తక్కువైతే స్క్రేపర్‌కి, డోసింగ్‌కి, మిక్సర్లకి ముందు ఇవ్వండి. స్క్రేపర్ ఆగితే కొన్ని గంటల్లో స్లడ్జ్ గట్టిపడుతుంది.

కరెంటు వచ్చాక తొందరపడి రా వాటర్ పంపు వేయొద్దు. వరస ఇది: ముందు స్లడ్జ్ వదలండి. స్క్రేపర్‌ని స్టార్ట్ చేసి ఒక చుట్టు పూర్తిగా తిరగనివ్వండి. రా వాటర్ టర్బిడిటీ చూసి, పట్టికలోని డోసుతో మొదలుపెట్టండి. మిక్సర్, డోసింగ్ నడుస్తున్నాయని ఖాయం చేసుకున్నాకే ఫ్లోని సగానికి తెరవండి. మొదటి గంటల నీరు లాండర్‌లో 5 ఎన్‌టీయూ దాటితే ఫిల్టర్‌కి పంపకుండా వేస్ట్ లైన్‌కి మళ్లించండి. ఈలోగా జార్ టెస్ట్ పూర్తి చేసి డోసు సరిచేయండి. బీకర్ తేరాకే పూర్తి ఫ్లో.

11. ఏడాదికోసారి ఖాళీ చేసి కడగడం

మే నెలలో, వానలు పడకముందే పెట్టుకోండి. వానాకాలంలో భూగర్భజలం పైకి వచ్చి ఉన్నప్పుడు ట్యాంకు ఖాళీ చేస్తే కింద నుంచి నీటి ఒత్తిడికి నేల పగలొచ్చు. పల్లపు ప్రాంతాల ప్లాంట్లలో దీన్ని తప్పక ఆలోచించాలి.

దిగే ముందు:

- స్క్రేపర్, వాల్వ్ మోటార్ల కరెంటు తీసేసి, తాళం వేసి, తాళంచెవి దిగేవాళ్ల దగ్గరే ఉంచాలి
- స్లడ్జ్ వాల్వ్ గోతిలో గ్యాస్ పరీక్ష చేయకుండా దిగకూడదు, పైన ఒక మనిషి తాడుతో ఉండాలి
- గమ్‌బూట్లు, గ్లోవ్స్, సున్నం పనికైతే కళ్లద్దాలు

అడుగు కడిగాక స్క్రేపర్ రబ్బరు బ్లేడ్ల అరుగుదల, బోల్టులు, మధ్య గుంటలో పైపు నోరు, ఫ్లాక్యులేటర్ గోడ పగుళ్లు చూడండి. ఆ పగుళ్లలోంచి నీరు ప్యాడిళ్లని తప్పించుకుని అడ్డదారిన పోతుంది.

చివరి పని వీర్ సరిచేయడం. ట్యాంకుని వీర్ అంచు దాకా నింపి ఇన్‌ఫ్లో ఆపేయండి. నీరు కదలకుండా నిలిచాక, నీటి మట్టమే మీకు కొలబద్ద. చుట్టూ తిరుగుతూ ప్రతి ప్లేటు బోల్టు వదులు చేసి, నాచ్ అడుగు సరిగ్గా నీటిని తాకేట్టు పెట్టి బిగించండి. గాలి లేని తెల్లవారుజామున చేస్తే మట్టం కచ్చితంగా దొరుకుతుంది. తర్వాత మెల్లగా ఫ్లో తెరిచి, అన్ని నాచ్‌లలోంచి ఒకేసారి నీరు మొదలైందో లేదో ఇంకో రౌండ్ తిరిగి చూసుకుని లాగ్‌బుక్‌లో తేదీ వేయండి.